కింది స్వరం మీద కట్టిన సంగీతం

1602లో వెనిస్‌లో ఒక సంగీత గ్రంథం అచ్చయింది. లొదోవికో వియదానా అనే ఇటలీ సన్యాసి చర్చిలో పాడుకోవడానికి కూర్చిన నూరు రచనల సంపుటం అది. ఆర్గన్ వాయించేవారికి అందులో ఒక మంద్రస్థాయి వరుస మాత్రమే ఇచ్చాడు. మొదటి నుంచి చివరిదాకా తెగకుండా సాగే ఆ వరుసకు బాస్సో కంటిన్యువో అని పేరు. 1600 నుంచి 1750 వరకు ఐరోపాను ఏలిన బరోక్ సంగీతమంతా దాదాపుగా ఈ వరుస మీదే నిలబడింది.

దీన్ని సాధారణంగా ఇద్దరు వాయిస్తారు. చెల్లో లాంటి వాద్యం మీద ఒకరు మంద్ర స్వరాలను రాసినవి రాసినట్టుగా పలికిస్తారు. హార్ప్సికార్డ్ దగ్గరో ఆర్గన్ దగ్గరో కూర్చున్న రెండోవారు ఎడమచేత్తో అవే స్వరాలు వాయిస్తూ, కుడిచేత్తో వాటిపై తీగల్లా అల్లుకునే స్వర సముదాయాలను అప్పటికప్పుడు కట్టుకుంటారు. ఆధారం కొన్ని అంకెలే. స్వరం దగ్గర 6 అని ఉంటే, దాని నుంచి లెక్కపెట్టి మూడో స్వరాన్నీ ఆరో స్వరాన్నీ కలపాలి. అంకె లేకపోతే మూడు, అయిదు. ఎంత దట్టంగా నింపాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది వాయించేవారి విద్వత్తుకు వదిలేశారు. మన కచేరీలో తంబురా ఆధార శ్రుతిని కదలకుండా నిలిపితే రాగం పైన విహరిస్తుంది. బరోక్‌లో ఆధారమే నడుస్తుంది, పైనున్నవాళ్లను నడిపిస్తుంది.

ఈ ఏర్పాటు ముందుగా మేలు చేసింది సాహిత్యానికి. అంతకు ముందు తరం వాళ్లు అయిదారు గాత్రాలను సమానంగా పెనవేసేవారు. ఆ అల్లిక ఎంత అందంగా ఉన్నా మాట తేలిగ్గా చెవికందేది కాదు. ఒక్క గొంతు, దాని కింద ఒక్క మంద్రం అనుకున్నాక పాత్ర మాట్లాడినట్టే పాడగలిగింది. 1607లో మాంటువా రాజాస్థానంలో ప్రదర్శించిన మోంటెవెర్డి ఒపెరా ‘ఓర్ఫియో’లో నాయిక మరణవార్త తెచ్చిన చెలికత్తె పాడే ఘట్టం చూడండి. కింద స్వరం నిలిచి ఉంటుంది, పైన ఆమె గొంతు మాట నడకను అనుసరించి ఆగుతూ, తడబడుతూ సాగుతుంది. సంభాషణకు దగ్గరగా పాడే ఈ పద్ధతి పేరు రెసిటేటివ్.

మంద్ర వరుసను చిన్నగా కత్తిరించి పదేపదే తిప్పితే గ్రౌండ్ బాస్ అవుతుంది. పాకెల్బెల్ ‘కానన్’లో ఎనిమిది స్వరాలే కింద తిరుగుతుంటాయి. పైన మూడు వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి అదే బాణీని అందుకుంటాయి. హెన్రీ పర్సెల్ ఇదే పనిముట్టుతో శోకాన్ని పలికించాడు. ‘డైడో అండ్ ఈనియస్’ చివర కార్తేజ్ రాణి చనిపోయే ముందు పాడే పాటలో మంద్రం అర్ధస్వరాల మీదుగా మెట్టు మెట్టుగా దిగుతుంది, మళ్లీ మొదటికొచ్చి మళ్లీ దిగుతుంది. రాణి పాడే వాక్యాలు మాత్రం ఆ ఆవృత్తం ముగిసే చోట ముగియవు. విధి ఒక లెక్కన, మనసు ఇంకో లెక్కన నడుస్తున్నాయని వినేవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

వివాల్డి 1703లో వెనిస్‌లోని పియెతా అనాథాశ్రమంలో వయొలిన్ గురువుగా చేరాడు. అక్కడి అమ్మాయిల వాద్యబృందానికి ఐరోపా అంతటా పేరుండేది. కాన్చెర్టోకు ఆయన స్థిరపరిచిన రూపం సూటిగా ఉంటుంది. బృందమంతా కలిసి ఒక ఖండిక వాయిస్తుంది, ఆ తర్వాత ఒక్క వయొలిన్ విజృంభిస్తుంది, మళ్లీ బృందం తన ఖండికతో తిరిగొస్తుంది. తిరిగొచ్చే ఈ భాగం రిటొర్నెల్లో. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘నాలుగు ఋతువులు’లో వసంతం రెండో భాగాన్ని శ్రద్ధగా వినాలి. మేకల కాపరి నిద్రపోతుంటాడు, వయోలా కుక్కలా మొరుగుతుంటుంది. అక్కడ మంద్ర వాద్యాలన్నిటినీ వివాల్డి ఆపేశాడు. అంతసేపూ మోసిన ఆధారం తప్పుకోవడంతో ఆ నిద్ర గాలిలో తేలినట్టుంటుంది.

1685 ఒక్క ఏడాదే బాక్, హాండెల్, దొమెనికో స్కార్లట్టి పుట్టారు. హాండెల్ ఒపెరాల్లోని ద కాపో పాటకు మూడు భాగాలు. మూడోది మొదటిదే. కానీ రెండోసారి దాన్ని ఉన్నదున్నట్టు పాడితే గాయకుడికి గౌరవం లేదు, సొంత అలంకారాలతో కొత్తగా పలికించాలి.

ఇక బాక్. ఫ్యూగ్‌లో ఒక చిన్న బాణీ ఒంటరిగా మొదలవుతుంది. రెండో గొంతు దాన్నే మరో స్థాయిలో అందుకుంటుంది, ఆపైన మూడోది, నాలుగోది. ఇక్కడ మంద్రం కూడా సమాన హక్కున్న గొంతే. 1722 నాటి ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ మొదటి భాగంలో పన్నెండు స్వరస్థానాల మీద, మేజర్‌లోనూ మైనర్‌లోనూ, మొత్తం 24 ప్రెల్యూడ్లు, 24 ఫ్యూగ్‌లు రాశాడు. 1741లో అచ్చయిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’లోని 30 రూపాంతరాలను మొదటి పాట బాణీ మీద కాక, దాని కింద నడిచిన మంద్రం మీద కట్టాడు.

1750లో బాక్ పోయాక అభిరుచి మారింది. స్వరకర్తలు ప్రతి స్వరాన్నీ తామే రాసివ్వడం మొదలుపెట్టారు, అంకెల విద్య మరుగునపడింది. 1829లో ఇరవై ఏళ్ల మెండెల్సన్ బెర్లిన్‌లో బాక్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను నడిపించి ఆ సంగీతం వైపు జనాన్ని మళ్లీ తిప్పాడు. ఇరవయ్యో శతాబ్దంలో వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్‌ను కచేరీ వేదిక మీదికి తిరిగి తెచ్చింది. మన దక్షిణాదిలో ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ను త్యాగరాజుకూ బాక్‌కూ అంకితమిచ్చాడు.

కొత్తగా వినేవారు పాకెల్బెల్ ‘కానన్’తో మొదలుపెట్టవచ్చు. వయొలిన్లను కాసేపు పక్కనపెట్టి, కింద చెల్లో ఏం చేస్తోందో పట్టుకోండి. ఎనిమిది స్వరాలే కాబట్టి త్వరలోనే మీరూ కూనిరాగం తీయగలరు. అది చెవిలో నిలిచాక పర్సెల్ రాణి పాట, ఆ తర్వాత ‘గోల్డ్‌బెర్గ్’ వినండి.