శత్రువు చొక్కా ఉతకరు

పాత బట్టలు భద్రపరిచే మ్యూజియం పనివాళ్లు ముందుగా నేర్చుకునేది చేతులు కట్టుకోవడం. యుద్ధంలో పట్టుబడినవాడి చొక్కా వస్తే సబ్బు జోలికి పోరు. బురద, చెమట, నెత్తురు నేతను తినేసేవే, కానీ ఆ చొక్కా తరఫున సాక్ష్యం చెప్పేవీ అవే. ఏది తీయాలో ఏది ఉంచాలో తేల్చుకోవడానికే బోలెడు సమయం పడుతుంది. వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు. వెలిసిన రంగు మళ్లీ రాదు. మామూలు హ్యాంగర్‌కు తగిలిస్తే బరువంతా భుజాల మీద పడి గుడ్డ సాగిపోతుంది. అందుకని పరిచి ఉంచుతారు, తప్పదంటే మడత లోపల ఆమ్లం లేని కాగితం చుట్టి పెడతారు. బీరువాలో పట్టుచీరల మడతలు మార్చిపెట్టే మన అమ్మమ్మలకు ఇది కొత్త సంగతేం కాదు.

హనోయిలోని హోవా లో జైలు మ్యూజియంలో అలాంటి బట్ట ఒకటి చూశాను. గాజు వెనక ఆకుపచ్చ పైలట్ సూటు, పారాచూట్. అమెరికా పైలట్ జాన్ మెకెయిన్‌వని రాసిపెట్టారు. వియత్నాం యుద్ధంలో, 1967 అక్టోబర్ 26న, ఆయన విమానం కూలితే ట్రుక్ బాక్ చెరువులో పడ్డారు. రెండు చేతులూ, ఒక కాలూ విరిగాయి. ఒడ్డుకు లాగినవాళ్లు వెంటనే బట్టలు ఊడదీశారని విడుదలయ్యాక, 1973లో, ఆయనే రాశారు. చేతులు విరిగిన మనిషి ఒంటి మీంచి తడిసిన సూటు కత్తి పెట్టకుండా ఎలా వస్తుంది? గాజు ఇవతలి నుంచి ఎంత చూసినా నాకు కోత గానీ కుట్టు గానీ కనబడలేదు. అది ఆయనది కాదని వాదించేవాళ్లూ ఉన్నారు.

బట్ట సంగతి అలా ఉంచితే, నన్ను ఇబ్బంది పెట్టింది చుట్టూ ఉన్న ఫొటోలు. అమెరికన్ ఖైదీలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, క్రిస్మస్ చేసుకుంటున్నారు. వాళ్లు పడ్డ చిత్రహింసల ఊసే లేదు. అదే జైల్లో ఫ్రెంచివాళ్లు వియత్నామీయులను పెట్టిన బాధలకైతే గదులకు గదులు, గిలెటిన్‌తో సహా! తమ గాయం చూపించుకోవడం న్యాయమే. రెండో గాయాన్ని మింగేయడమే నాకు నచ్చలేదు.

ఆ లేబుల్ రాసే పని నాకిస్తే ‘మెకెయిన్‌ది’ అన్నచోట ‘మెకెయిన్‌దని చెబుతారు’ అని రాస్తాను. టికెట్ల అమ్మకమేం తగ్గదు.