ఏడుపు ఆపుకునే పిల్ల

2015 డిసెంబర్‌లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత, ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ నుంచి నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పదో తరగతి అమ్మాయి ఒకతె ముఖంలో ఏమీ కనబడనిచ్చేది కాదు. ఎంత నిబ్బరమో అనుకున్నా. బోర్డు మీద వర్గ సమీకరణం వేసి, ‘మధ్య పదాన్ని ఎట్లా విడగొడతావమ్మా?’ అంటే మాత్రం అప్పుడే నిద్ర లేచినట్టు చూసేది. ‘ఇప్పుడే చెప్పిన కదా’ అని విసుక్కునేవాణ్ణి. ఆ విసుగు తప్పని తెలిసింది చాలా ఏళ్లకు, జేన్ రిచర్డ్స్, జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధన చదివాక.

వాళ్ల పనితనం చూడండి. గాయపడిన మనుషుల బొమ్మలు ఒక్కొక్కటే తెర మీద వస్తుంటాయి. ఒక్కో బొమ్మతోపాటు ఆ మనిషి పేరు, చేసే పని, ప్రమాదం జరిగిన తీరు చెవికి వినిపిస్తారు. కొందరిని ఊరికే చూడమన్నారు. కొందరిని ముఖంలో ఏ భావమూ బయటపడనివ్వొద్దన్నారు. మిగిలినవాళ్లను డాక్టరు చూసినట్టు చూడమన్నారు. తర్వాత అడిగింది బొమ్మల గురించే కాదు, విన్న వివరాల గురించి కూడా. అసలు నేర్పు అక్కడుంది. ముఖం బిగబట్టినవాళ్లకు విన్నది తక్కువ గుర్తుంది. డాక్టరులా చూసినవాళ్లకు ఆ నష్టం లేదు.

ఎందుకని? ముఖం కదలకుండా ఉంచాలంటే లోపల ‘కదలొద్దు, కదలొద్దు’ అని చెప్పుకుంటూనే ఉండాలి. పేరూ పనీ నిలవాల్సిన చోటును ఆ మాటలే ఆక్రమిస్తాయి. మనసులో ఒకేసారి పట్టేది కొంచెమే. నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. డాక్టరులా చూసినవాళ్లలాగా, నీళ్లను తూము దగ్గరే మళ్లించినవాడికి వేరే పని చేసుకునే తీరిక దొరుకుతుంది. ముఖం బిగబట్టినవాళ్లలాగా, మడిలోకి వచ్చాక చేతులడ్డం పెట్టినవాడు అక్కడే నిలబడాలి.

వాళ్లు పరీక్షించింది కాలేజీ విద్యార్థులను, పదో తరగతి పిల్లలను కాదు. అయినా ఆ అమ్మాయి నా కళ్ల ముందు మెదిలింది. ఆమె వినకపోవడం కాదు, లోపల ఇంకో పని చేస్తోంది. దాన్నే నేను నిబ్బరమని మెచ్చుకున్నాను.

అందుకే ఇప్పుడు పిల్లలకు తప్పులున్న తమ జవాబు కాగితాన్నే పేరు కనబడకుండా మడిచి ఇస్తాను. ‘నువ్వే సారువి, ఇది దిద్దు’ అంటాను. మొన్నొక పిల్లాడు తన కాగితమేనని తెలిసి కూడా, పెన్ను ఆనించి, ‘వీడు మైనస్ మరిచిపోయిండు సార్’ అన్నాడు. మైనస్ పెట్టి, కింది వరుస నుంచి మళ్లీ చేయడం మొదలుపెట్టాడు.