స్థిరపుట - సాహిత్యపాఠం: గుంటూరు, ప్రకాశం ప్రాంత రచనల అంతర్జాల భద్రతపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతర్జాలంలోని తెలుగు రచనలను పరిశోధనకు ఆధారంగా స్వీకరించేటప్పుడు వాటి నిలకడ ప్రధాన సమస్యగా మారుతోంది. స్టాటిక్ సైట్ జనరేటర్‌తో నిర్మించే నిరాడంబరమైన జాలపుట ఈ సమస్యకు ఎంతవరకు పరిష్కారమో పరిశీలించి, తెలుగు లిపికి సంబంధించిన ఇబ్బందులను, ఆ పద్ధతి పరిమితులను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలను ఉదాహరణగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: స్థిరపుట, యూనికోడ్, పాఠపరిష్కరణ, మాలపల్లి, వేటపాలెం.

1. ఉపోద్ఘాతం:
చీరాల సమీపంలోని వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ఏర్పడింది. అప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాలోది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాయే తరువాత ప్రకాశం జిల్లా అయింది. 2022 పునర్విభజనతో వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వచ్చింది. చిరునామా ఇన్నిసార్లు మారినా గ్రంథాలయం ఉన్నచోటనే ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ అక్కడికే వెళతారు.

అంతర్జాలంలో పరిస్థితి దీనికి విరుద్ధం. అక్కడ చిరునామా పోతే పుస్తకమూ పోయినట్లే. లక్షలాదిమంది సొంత పుటలకు నెలవైన జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు ఈ సంగతి ప్రపంచానికంతటికీ తెలిసింది. సిద్ధాంతగ్రంథంలో పాదసూచికగా ఇచ్చిన లింకు పరీక్షకుని చేతికి చేరేనాటికి తెరుచుకోకపోతే ఆ వాదానికి ఆధారం లేనట్లే. కాబట్టి పుట నిర్మాణాన్ని సాంకేతిక నిపుణుల వ్యవహారంగా వదిలివేయక, సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకురావలసి ఉంది.

2. స్థిరపుట స్వరూపం:
సాధారణంగా వాడుకలో ఉన్న జాలవ్యవస్థల్లో రచన డేటాబేస్‌లో ఉంటుంది. పాఠకుడు అడిగినప్పుడల్లా సర్వర్ దానిని వెలికితీసి పుటగా కూర్చి పంపుతుంది. డేటాబేస్ చెడినా, సాఫ్ట్‌వేర్ పాతబడినా రచన అందదు. స్థిరపుటలో ఈ కూర్పు ముందుగానే, రచయిత కంప్యూటర్‌లోనే పూర్తవుతుంది. మిరపకాయను కల్లంలోనే ఆరబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి యార్డుకు పంపినట్లు, సిద్ధమైన పుటలే సర్వర్‌కు చేరతాయి.

2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో ఈ కోవకు చెందిన ప్రసిద్ధ సాధనాలు. పని విధానం సులభమైనదే. ఒక ఫోల్డర్‌లో ఒక్కొక్క రచనకు ఒక్కొక్క ఫైలు ఉంటుంది. ఫైలు మొదట శీర్షిక, రచయిత, తేదీ వంటి వివరాలు, వాటి కింద పాఠం ఉంటాయి. శీర్షికలు, పేరాలు, ఉల్లేఖనలు మార్క్‌డౌన్ అనే సరళమైన గుర్తుల పద్ధతిలో (2004) సూచిస్తారు. పుట ఆకృతిని నిర్ణయించే మూస వేరుగా ఉంటుంది. ఒక ఆదేశమిస్తే జనరేటర్ రెండింటినీ కలిపి పుటలను తయారుచేస్తుంది. రేపు జనరేటర్ కనుమరుగైనా మూలపాఠం మామూలు అక్షరాలుగా మిగిలే ఉంటుంది. పాఠాన్ని, దాని ప్రదర్శనను వేరుచేయడమే ఈ పద్ధతిలోని సారం.

3. తెలుగు అనుభవం:
ఈ విభజన విలువ తెలుగువారికి కొత్త కాదు. 1990 దశకంలో ప్రవాసాంధ్రులు ఆర్.టి.ఎస్. అనే రోమన్ లిపి పద్ధతిలో తెలుగు రాసుకొన్నారు. చూడటానికి ఇంపుగా లేకపోయినా అది సాదా పాఠం కావడం వల్ల తరువాత యంత్రంతోనే తెలుగు లిపిలోకి మారింది. అదే కాలంలో ప్రత్యేక ఫాంట్లకు కట్టుబడి కూర్చిన పాఠం తెరమీద అందంగా కనిపించింది. అయితే ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తుల వరుస అయింది. ఆ రాతను యూనికోడ్‌లోకి తేవడానికి 'పద్మ' వంటి ప్రత్యేక సాధనాలు కావలసివచ్చాయి. పాఠం తన రూపానికి ఎంతగా కట్టుబడితే అంత త్వరగా నశిస్తుందని ఈ చరిత్ర చెబుతోంది.

4. మాలపల్లి - ఒక ఉదాహరణ:
గుంటూరు సీమ రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించారు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు కాపీహక్కు ఉంటుంది కాబట్టి, 2019 నుండి ఆయన రచనలపై ఆ బంధం లేదు. 1971లో మరణించిన జాషువ రచనలకు 2031 ముగిసేవరకు ఆగవలసి ఉంటుంది. అందుచేత 1922 నాటి 'మాలపల్లి'ని స్థిరపుటలుగా పరిష్కరించడానికి నేడు చట్టపరమైన అడ్డంకి లేదు.

ఒక్కొక్క ప్రకరణం ఒక్కొక్క ఫైలుగా, ప్రతి పేరాకు ఒక సంఖ్యతో ఉంచితే పరిశోధకులు ముద్రణల పుటసంఖ్యలపై ఆధారపడనక్కరలేదు. ఫైళ్లను గిట్ వంటి వ్యవస్థలో ఉంచితే ప్రతి సవరణా తేదీతో సహా నమోదవుతుంది. పరిష్కర్త ఏ అక్షరాన్ని ఎప్పుడు దిద్దాడో, ఎందుకు దిద్దాడో పాఠకుడు చూడగలుగుతాడు. పాఠభేదాలను అట్టడుగున చూపే మన పరిష్కరణ సంప్రదాయానికి ఇది సహజమైన కొనసాగింపు. ప్రాంతీయ వ్యావహారికం ప్రాణంగా ఉన్న ఈ నవలలో 'సరిచేసిన' ఒక్క మాట కూడా భాషాసాక్ష్యాన్ని చెరపగలదు. అరసున్న, బండి ఱలకు యూనికోడ్‌లో స్థానం ఉంది కాబట్టి మూలంలో ఉన్నచోట వాటిని విడిచిపెట్టడానికి సాకు లేదు.

5. లిపి సంబంధ సమస్యలు:
ఈ సాధనాలు ఆంగ్లలిపిని దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. శీర్షిక నుండి చిరునామా తయారుచేసే సూత్రం గుణింతపు గుర్తులను, సున్నను అక్షరాలుగా లెక్కించకపోతే 'గుంటూరు' కాస్తా 'గటర' అవుతుంది. లెక్కించినా మరో చిక్కు ఉంది. యు.టి.ఎఫ్.-8 సంకేతీకరణలో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. చిరునామాను నకలు చేసినప్పుడు ఒక్కొక్క బైటు 3 గుర్తులుగా విప్పారుతుంది. అంటే 7 గుర్తులున్న 'గుంటూరు' 63 గుర్తుల చిక్కుముడి అవుతుంది. పాదసూచికలో అది నిలవదు. సంఖ్యలతో కూడిన పొట్టి చిరునామాను పరిష్కర్తే నిర్ణయించడం మేలు.

అకారాది పట్టికలోనూ జాగ్రత్త అవసరం. యూనికోడ్‌లో 'ళ' స్థానం 'ల', 'వ'ల మధ్య ఉంది. మన వర్ణమాలలో అది 'హ' తరువాతిది. యంత్రక్రమాన్ని యథాతథంగా స్వీకరిస్తే 'కళ' ముందు, 'కవి' తరువాత వస్తాయి. నిఘంటువుకు అలవాటుపడిన పాఠకునికి ఇది దోషమే.

6. పరిమితులు:
నిరాడంబరతకు మూల్యం ఉంది. డేటాబేస్ లేనందువల్ల వెతుకులాటకు వేరే ఏర్పాటు కావాలి. విభక్తులతో రూపం మారే తెలుగు మాటలకు అది అంత సులభం కాదు. పుట కిందనే సాగే పాఠకుల చర్చకూ ఇందులో సహజంగా చోటు లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి. ఆదేశాలు టైపు చేసి పుటలు కట్టే నేర్పు ఎవరికి ఉంది? పత్తి ఏరే కూలీకి, మిరప కోతకు వెళ్లే స్త్రీకి చేతిలో ఫోను ఉంది. తన మాటను అందులోనే చెబుతుంది. ఆంగ్లంలో ఉన్న సూచనలు చదవగలిగినవారికే నిలకడైన పుట దక్కితే, ఎవరి రాత మిగలాలో మళ్లీ చదువుకున్నవారే నిర్ణయించినట్లు అవుతుంది. పంచముల జీవితాన్ని నవలకు ఎక్కించిన 'మాలపల్లి'ని భద్రపరచే పద్ధతి ఈ ప్రశ్నను దాటవేయరాదు. ఈ ప్రాంత కళాశాలల తెలుగు, కంప్యూటర్ శాఖలు కలిసి మధ్యవర్తులుగా నిలిచి, చెప్పేవారి అనుమతితో, వారి మాటను మార్చకుండా ఫైలుకెక్కించడం ఆచరణయోగ్యమైన మార్గం.

7. ముగింపు:
స్థిరపుట శాశ్వతమని చెప్పలేము. ఉచితంగా చోటిచ్చే సంస్థ మూతపడవచ్చు. డొమైన్ రుసుము చెల్లించేవారు లేకపోవచ్చు. అయితే చిరునామా పోయినా ఫోల్డర్ మిగులుతుంది. దానిని మరొకచోట యథాతథంగా నిలబెట్టవచ్చు. ఒక ప్రతిని గ్రంథాలయానికి అప్పగించవచ్చు. అంతర్జాల రచనను ఉదహరించే పరిశోధకులు లింకుతోపాటు చూసిన తేదీని, వీలైతే పాఠం ప్రతిని భద్రపరచడం, రచనలను ప్రచురించేవారు మూలఫైళ్లను అందుబాటులో ఉంచడం అలవాటు చేసుకోవాలి. జిల్లాలు మారినా వేటపాలెంలో పుస్తకం దొరుకుతున్నది, దానిని దాచినవారు ఉన్నందువల్లనే. అంతర్జాల పాఠానికీ అటువంటివారే కావాలి.