వలస - కాందిశీకుఁడు : అర్థవిమర్శనము

అమరకోశమునఁ గాందిశీకశబ్దము భయముచేఁ బరువెత్తువానికిఁ జెప్పఁబడినది. ‘ఏ దిక్కునకుఁ బోదును’ అనుచుఁ బాఱువాఁడని దాని వ్యుత్పత్తి. నేఁటి పత్రికలలో నిది శరణార్థికిఁ బేరైనది. వలసశబ్దమో, బ్రౌనుదొర నిఘంటువున శత్రుసేనకు వెఱచి యిల్లు విడుచుటయను నర్థమునఁ గానవచ్చును. నేఁడది కూలికై పరదేశమేఁగుటకు వాడుకపడినది. అనఁగా వలస తన భయార్థమును గోల్పోఁగా నాచోటఁ గాందిశీకుఁడు నిలిచెను. ఇది భాషాస్వభావమని త్రోసిపుచ్చఁదగినది గాదు.

తెలుఁగువారి బర్మాచరిత్రమే దీనికిఁ బరీక్ష. 1852లో దిగువబర్మా ఇంగ్లీషువారి వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెఱవఁబడిన పిమ్మట బియ్యపుటెగుమతి పెరిగెను. రంగూను రేవునకును, బియ్యపు మిల్లులకును విశాఖ, గోదావరి, గంజాము మండలముల కూలీలను మేస్త్రీలు ముందుగా రొక్కమిచ్చి తోడుకొనిపోయిరి. ఆ రొక్కము కూలివాని యప్పే. అది తీఱువఱకు మేస్త్రీని విడుచుట దుర్ఘటము. బర్మాలో వీరికిఁ ‘గోరంగీ’లని పేరు. కోరంగి గోదావరీముఖమున నున్న ప్రాఁతరేవు. 1839 నాఁటి తుపానునఁ జెడినది. రేవు చెడినను బేరు చెడలేదు. సరకునకువలె మనుష్యునకును ఎగుమతిరేవే గుఱుతయ్యెను!

1930 మేలో రంగూను రేవునఁ దెలుఁగుకూలీలు సమ్మెకట్టఁగా వారికి బదులు బర్మావారు పెట్టుకొనఁబడిరి. సమ్మె తీఱి పాతవారు మరలఁగనే క్రొత్తవారు తొలఁగింపఁబడిరి. అల్లరులు పుట్టి పలువురు చచ్చిరి. జాతివైరమని వ్రాయఁబడిన యీ కలహమునకు మూలము కూలిధర. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలకొలఁది భారతీయులు అరకాను, మణిపురపు దారులఁ గాలినడకఁ దరలిరి; దారిలోఁ జచ్చినవారు వేలకొలఁది. నిన్నటి వలసకూలియే నేఁడు కాందిశీకుఁడయ్యెను. వ్యుత్పత్తినిబట్టి చూడఁగా దారిలో నీపేరు వానికిఁ జెల్లదు. పోవలసిన దిక్కు వాఁడెఱిఁగినదే. ఊరు చేరిన పిమ్మట మాత్రము చెల్లును. అచ్చట సెంటు పొలము లేకయే కదా మున్ను ఓడయెక్కినది!

1951 నాఁటి శరణార్థుల ఒడంబడిక జాతి, మతము, జాతీయత, సంఘవర్గము, రాజకీయాభిప్రాయము కారణముగా హింసాభయముగలవానినే శరణార్థి యనును. ఆఁకలి యందు లేదు. ధనమును సరకును ఎల్లలు దాఁటుటకు దారి సులభము. కూలివాఁడు మాత్రము తన భయమునకు సాక్ష్యము చూపవలెను. కాందిశీకశబ్ద మీ విభాగమున కొదిఁగిపోయినది. పాత వలస యొదుగదు. 2020 మార్చిలో దేశమెల్ల మూయఁబడఁగా నగరములనుండి కాలినడకఁ బోయినవారిని బత్రికలు వలసకూలీలనియే వ్రాసెను. కూలి పోయి, యద్దె కట్టలేక, రోగమునకు వెఱచి నడచినవారి వలన బ్రౌను చెప్పిన భయార్థ మాపదమున మరలఁ జేరినది. ఇఁకమీఁద నిఘంటుకారు లీ రెండర్థములను వేఱువేఱు సంఖ్యల క్రింద విడఁదీయకుండుట మేలు.