వ్రాసిన పాలు, అందిన పాలు

ఐ.సి.యు. తలుపు వెలుపల రాత్రింబవళ్ళు కూర్చుండు బంధువులు, ఊపిరిని గురించియు రక్తపోటును గురించియు ప్రశ్నించుటకు ముందే, తలుపు తెఱచుకొని వచ్చిన నర్సును పట్టుకొని, "సిస్టరమ్మా, మా నాయన కడుపులోకి ఏమన్నా పోయిందా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నను పల్లెటూరి అమాయకత్వముగా నెంచి చిఱునవ్వుతో దాటవేయు వైద్యులు లేకపోలేదు. కాని రక్తపోటు కుదుటబడిన రోగికి, చేరిన 24 మొదలు 48 గంటలలోపల, గొట్టము ద్వారా ఆహారము నారంభింపవలెనని నేటి వైద్యశాస్త్రము చెప్పు విధికిని, ఆ బిడ్డ లడిగిన ప్రశ్నకును అంతరము మిక్కిలి స్వల్పము.

జఠరరసమును పరీక్షించుటకై సన్నని గొట్టమును 1921లో ప్రవేశపెట్టిన ఆంగ్లవైద్యుడు జాన్ రైల్ పేరు మన వార్డులలో మాఱుమ్రోగని పూట లేదు. బయటికి తీయుటకు పుట్టిన గొట్టము లోనికి పోయుటకు వచ్చినది. పెక్కు ఆసుపత్రులలో నేటికిని నడచు క్రమము రెండు గంటలకొక మాఱు 200 మిల్లీలీటర్లు. నర్సు మంచము తలవైపును 30 మొదలు 45 డిగ్రీల వఱకు ఎత్తి, ముక్కువద్ద గొట్టముపై వేసిన గుర్తు జరుగలేదని చూచుకొని, 50 మిల్లీలీటర్ల సిరంజి పిస్టనును ఊడదీసి, గొట్టమునకు తగిల్చి పైకెత్తి పట్టుకొనును. ద్రవము తన బరువుతో తానే దిగవలెను గాని త్రోయరాదు. పిదప కొన్ని నీళ్ళు పోసి గొట్టమును కడుగవలెను. ఇంటినుండి ఫ్లాస్కులో వచ్చు రాగిజావ కథ వేఱు. ఎంత వడగట్టినను ఒక్క ఉండ మిగిలెనా, గొట్టము మూసికొనును. ఆ భయముచేత పలుచన చేసినకొలది సిరంజిలో కొలత నిండును గాని బలము తఱుగును. చార్టులో మాత్రము రెండును 200లే.

పంపుతో ఎడతెగక పంపు పద్ధతిలోను చిక్కు తీరలేదు. దినమునకు 1500 మిల్లీలీటర్లు వలయునని నిశ్చయించి గంటకు 62.5 చొప్పున నమర్చితిమనుకొందము. స్కానింగు, పిమ్మట ఫిజియోథెరపీ, ఆపై ట్రకియాస్టమీ నిమిత్తము ఉపవాసము. ఆఱు గంటలు పంపు ఆగినచో 375 మిల్లీలీటర్లు, అనగా నాలుగవవంతు, నోరు మెదపలేని రోగికి దక్కకుండ పోవును. మందు ఒక డోసు తప్పినచో సంజాయిషీ యడుగు మనము అన్నము తప్పినచో అడుగము. కెనడా వైద్యుడు డారెన్ హేలాండ్ బృందము ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో వైద్యుడు దినపు మొత్తమును వ్రాయును. మిగిలిన పరిమాణమును మిగిలిన గంటలకు, ఒక హద్దు మీఱకుండ, పంచుట నర్సు చేతిలో నుండును. ఉదయము ఆఱింట మొదలై పండ్రెండింట ఆగిన పంపు సాయంత్రము ఆఱింటికి మరల నడచినచో, ఆమె గంటకు 94కు పెంచును. కాలువనీటి వంతు పగలు తప్పిన రైతు రాత్రి పెట్టుకొనుట వంటిదే యిది.

జఠరములో నిలిచిన శేషము 200 మిల్లీలీటర్లు దాటినంతనే ఆహారము నాపివేయు పాత యలవాటు రాత్రి డ్యూటీలను ఇంకను వదలలేదు. వెంటిలేటరు రోగులలో ఆ శేషమును కొలువకున్నను న్యుమోనియా హెచ్చలేదని 2013లో ఫ్రాన్సు పరిశోధన తేల్చెను. వాంతి, పొట్టయుబ్బు వంటి లక్షణములు లేనిచో 500 లోపు శేషమునకు ఆపవలదని 2016 నాటి అమెరికా మార్గదర్శకములు చెప్పినవి.

అట్లని తొలినాడే నిండువిస్తరి వడ్డింపవలెనని నా వాదము కాదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న 1000 మందిపై అమెరికాలో జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, తొలి ఆఱు దినములు కొద్దిగా పెట్టినవారికిని నిండుగా పెట్టినవారికిని వెంటిలేటరు దినములలో భేదము కానరాలేదు. బహుకాలము పస్తున్న దేహమునకు, మద్యమే యాహారముగా బ్రతికినవానికి, ఒక్కసారిగా పోషణ నందించినచో రక్తములో ఫాస్ఫేటు పడిపోయి గుండెయే తడబడవచ్చును. థయమిను ముందిచ్చి మెల్లగా పెంచవలెను. నిర్ణయించి తగ్గించుట వైద్యమే. నేను సహింపలేనిది ఎవ్వరును నిర్ణయింపకయే తగ్గిపోవుట.

పైగా, ఆహారపు పంపు ఆపిన సంగతి ప్రక్కనున్న ఇన్సులిను సిరంజికి తెలియదు. రెండింటిని గూర్చియు ఒకే ఆజ్ఞ లేనియెడల చక్కెర దిగజారును. కావున మా వార్డు చార్టులో 'వ్రాసినది' అను గడి ప్రక్కనే 'అందినది' అను గడిని గీయించి, ఉదయపు రౌండ్సులో ఆ రెండంకెలనే మొదట చదివించుచున్నాను. జూనియరు డాక్టర్లు తొలుత విసుగుకొనిరి. ఇప్పుడు స్కానింగు గదికి ఫోను చేసి, రోగిని ఏ గంటకు పిలుతురో తేల్చిచెప్పువఱకు పంపు ఆపబోమని తగవులాడుచున్నారు.