నిద్రను పిలవని వైద్యం

ఆందోళనకు రాసిచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. నిద్ర చెడగొట్టడానికి కొందరిలో మొదటి రాత్రే చాలు. డాక్టర్‌ని అడిగి మాత్రను పొద్దుటికి మార్చుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. కొందరికి అప్పటికీ కన్ను అంటుకోదు. కంగారుకు మందు వేసుకుంటూనే, నిద్ర పట్టలేదన్న కొత్త కంగారుతో తెల్లవార్లూ దొర్లుతుంటారు. అలాంటివాళ్లకూ పనికొచ్చే, ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు విడివిడిగా అల్లిన రెండు పద్ధతుల్లోని పనితనం చూడాల్సిందే.

1972లో రిచర్డ్ బూట్జిన్ మంచం మీద దృష్టి పెట్టాడు. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. కాసేపటికీ పట్టకపోతే లేచి అవతలి గదిలోకి పోవాలి, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటే రావాలి. ఫోను, అప్పుల లెక్కలు, రేపటి దిగులు అన్నీ మంచం బయటే. దిగులు పడే చోటుగా ఒంటికి అలవాటైపోయిన మంచాన్ని మళ్లీ నిద్రపోయే చోటుగా మార్చడమే ఇందులో ఎత్తు.

1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు ఇంకా తెగించారు. నిద్ర చాలనివాళ్లు పెందలాడే పడుకుంటారు కదా, ఆ సమయాన్నే కోసేశారు. రాత్రి 10కి పడుకుని 7కి లేచే మనిషికి పట్టే నిద్ర అయిదున్నర గంటలే అనుకుందాం. తొమ్మిది గంటల్లో అది 61 శాతం. ఇక నుంచి అతనికి మంచం మీద అయిదున్నర గంటలే అనుమతి. 6కి లేవాలంటే 12:30 దాకా నడుం వాల్చకూడదు.

మొరటుగా కనిపించే ఈ లెక్కలో నగిషీ అంతా చిన్న చిన్న నిర్ణయాల్లో ఉంది. లేచే వేళ ఏ రోజూ మారదు, ఆదివారమైనా సరే. ఎందుకంటే నిద్రపోవడం మన చేతిలో లేదు, లేవడం ఉంది. ఎంతసేపు మేలుకుని ఉంటే నిద్ర ఒత్తిడి అంతగా పెరుగుతుందని 1982లోనే అలెగ్జాండర్ బోర్బేలి నమూనా గీసి చూపాడు. సాయంత్రం పకోడీలు తిన్నవాడికి రాత్రి అన్నం సహించనట్టు, పగటి కునుకు ఆ ఒత్తిడిని తినేస్తుంది. అందుకే కునుకూ నిషిద్ధమే.

ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్క ప్రకారం, మంచం మీద గడిపిన సమయంలో నిద్ర వారం సగటున 90 శాతం దాటితే పావుగంట పెంచుతారు, 85 కంటే దిగితే పావుగంట తగ్గిస్తారు, మధ్యలో ఉంటే కదపరు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సగటే. ఒక్క రాత్రి పాడైనా తీర్పు మారదు. పైగా ఆ పాడైన రాత్రే మర్నాటి నిద్రకు పెట్టుబడి అవుతుంది. "ఇవాళైనా పడుతుందా" అని భయపడే మనిషికి "పన్నెండున్నర దాకా ఎలా మేలుకోవాలిరా బాబూ" అన్న బెంగ మిగులుతుంది. భయాన్ని ఇంత తెలివిగా తిరగేసిన మందు నాకు తెలియదు.

లోపం లేదనను. మొదటి ఒకటి రెండు వారాలు పగలు కళ్లు కూరుకుపోతాయి, బండి నడపడం ప్రమాదం. బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టనే కూడదు. స్పీల్‌మన్ బృందం కూడా నాలుగున్నర గంటల కంటే తగ్గించలేదు. నేడు చాలామంది థెరపిస్టులు అయిదు దగ్గరే ఆపుతారు.

ఈ పద్ధతులకు ఆందోళన మాత్రతో పేచీ లేదు, అది నడుస్తుండగానే ఇవీ నడుస్తాయి. జాగ్రత్త పడాల్సింది కంగారుకూ నిద్రకూ రాసిచ్చే క్లోనాజెపామ్, అల్ప్రాజోలమ్ విషయంలో. నిద్ర కుదిరింది కదా అని వాటిని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. బూట్జిన్, స్పీల్‌మన్ పద్ధతులు రెండూ కలిసిన సీబీటీ-ఐ అనే చికిత్సనే దీర్ఘకాలపు నిద్రలేమికి ముందుగా ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. ఈసారి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు నిద్రమాత్ర అడిగే ముందు దీని గురించి అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416. కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.