బూస్ట్ పెంచితే కంప్రెషన్ దిగాలి

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు కొన్నవాళ్లు పెట్రోలుతో పాటు ఇంకో ద్రవం కూడా నింపుకోవాల్సి వచ్చేది. పేరు ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’. పేరులోనే రాకెట్! అసలు సరుకు సగం మిథనాల్, సగం డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కాస్త మందు. అది అయిపోతే బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, తగ్గిపోయేది. చాలామంది నింపడం మర్చిపోయేవారు.

ఆ నీళ్లు లోపలి గాలిని చల్లబరచడానికి. నొక్కితే గాలి వేడెక్కుతుందని సైకిల్‌కు గాలి కొట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. నాలుగు గట్టి దెబ్బలు కొట్టేసరికి పంపు అడుగు వెచ్చబడుతుంది. టర్బో ఇంజిన్‌లో గాలి రెండుసార్లు నలుగుతుంది. ముందు టర్బో నొక్కి సిలిండర్‌లోకి తోస్తుంది, తర్వాత పిస్టన్ పైకొస్తూ మళ్లీ నొక్కుతుంది. కంప్రెషన్ రేషియో 10 అంటే, పిస్టన్ అడుగున ఉన్నప్పుడు ఉండే చోటు అది పైకొచ్చేసరికి పదో వంతుకు తగ్గుతుందని. వేడి హద్దు మీరితే స్పార్క్ ప్లగ్ అంటించిన మంట చేరేలోపే మూలన మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు ‘నాకింగ్’ అనేది దీన్నే. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది చప్పుడు. అలాగే తోలితే పిస్టన్‌కు చిల్లు పడొచ్చు.

జెట్‌ఫైర్ రేషియో 10.25. దాని మీద 5 పీఎస్ఐ బూస్ట్. కొంచెం తెగింపే.

తర్వాతివాళ్లు వెనక్కి తగ్గారు. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బో రేషియో 6.9, ఆ వెంటనే వచ్చిన పోర్షే 911 టర్బోది 6.5. ఇంజిన్ బతికింది గానీ, టర్బో తిరగడం మొదలయ్యేదాకా కారు సోమరిపోతు. పుస్తకం లెక్కన రేషియో 6.5 అయితే వేడిలో 53 శాతం పనిగా మారుతుంది, 10 అయితే 60. నిజం ఇంజిన్‌లో అంత దక్కదు. అయినా రేషియో తగ్గిస్తే పెట్రోలు ఖర్చు పెరగక తప్పదు.

చిక్కుముడిని విప్పింది స్వీడన్‌లోని సాబ్ కంపెనీ ఇంజినీర్ పెర్ గిల్‌బ్రాండ్. 1977లో చూపించిన 99 టర్బోకి ఆయనా 7.2 తోనే సరిపెట్టుకున్నాడు. తర్వాత ఇంజిన్ దిమ్మకు ఒక చెవి తగిలించాడు. నాకింగ్ మొదలవగానే ఆ సెన్సర్ పసిగడుతుంది, బూస్ట్ తగ్గుతుంది; చప్పుడు ఆగితే మళ్లీ పెరుగుతుంది. 1982 మోడల్ 900 టర్బోలో ఈ ఏర్పాటు రావడంతో రేషియో 8.5కి ఎక్కింది. ఫ్లూయిడ్ పోయడం కంటే వినడం ఎంత చవక!

ఇప్పుడు పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మి లోపల చల్లబరుస్తున్నారు. అందుకే మామూలు టర్బో కార్లలోనూ 10 కనిపిస్తోంది. బూస్ట్ పిచ్చి ముదిరిన చోట మాత్రం పాత బేరం తప్పలేదు: 2 లీటర్లలో 421 హార్స్‌పవర్ తీసే మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ 9 దగ్గరే ఆగింది. నిస్సాన్ అయితే నడుస్తూనే రేషియోను 8 నుంచి 14 దాకా మార్చుకునే ఇంజిన్ చేసింది. ముచ్చటైన పనే, కానీ అన్ని కీళ్లున్న యంత్రానికి రిపేరు చేసేవాడి మీద జాలేస్తుంది.

టర్బో పెట్రోలు కారు ఉన్నవాళ్లు ఈసారి బంకులో ట్యాంకు మూత తలుపు లోపలివైపు చూడండి. పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ అంకె అక్కడ ఉంటే, అంతకంటే తక్కువది పోయించకండి.